చిఱుతిండ్లు చెప్పిన టోక్యో చరిత్ర



నేటి నా ప్రసంగము తిండిని గుఱించి. 34 సంవత్సరములు పాఠశాలలో తెలుగును, చరిత్రను బోధించినవాడు, అఱువది దాటిన పిదప పరదేశపు అంగడి తిండిని వర్ణింప నేల యని మీలో కొందఱు అనుకొనవచ్చును. దానికి కారణము ఒక పిల్లవాడు. నేను క్రొత్తగా ఉద్యోగమున చేరిన దినములలో, కాకతీయ రాజుల వంశక్రమమును నల్లబల్లపై వ్రాసి పిల్లలచేత వల్లె వేయించుచుండగా, వెనుక వరుసలోనుండి ఒకడు లేచి, "మాష్టారూ, ఆ రోజుల్లో మావంటివాళ్లు ఏమి తినేవారండీ?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వినది. నాకు కోపము వచ్చినది. వానిని గంటసేపు బల్లపై నిలువబెట్టితిని. వాని తండ్రి సంతలో పుణుకులు వేసి అమ్ముకొనువాడని నాకు తరువాత తెలిసినది. ఆ ప్రశ్నకు నేను బదులు చెప్పలేదు. నిజము చెప్పవలెనన్న, నాకు బదులు తెలియదు.

నాలుగేండ్ల క్రిందట మా అబ్బాయి నన్ను జపాను దేశమునకు పిలిపించుకొనెను. టోక్యో నగరమునకు తూర్పున నిషికసాయి యను పేట కలదు. అచ్చట మన దేశీయుల కుటుంబములు పెక్కు నివసించుచున్నవి. తెలుగు మాట కూడ అప్పుడప్పుడు చెవిని బడును. మాఘమాసమున వెళ్లి చైత్రము ముగియు వఱకు అచ్చట నుంటిని. చరిత్ర చెప్పినవాడను గనుక మొట్టమొదట కోటను చూడగోరితిని. పదేండ్ల మా మనుమరాలు నన్ను వెంటబెట్టుకొని పోయెను. పెద్ద పెద్ద రాళ్లతో కట్టిన ఎత్తైన అరుగు ఒకటి కనబడినది. దానిపైకి ఎక్కితిమి. పైన ఏమియు లేదు.

"కోట ఏదమ్మా?" అంటిని.

"కాలిపోయింది తాతయ్యా, 1657లో" అని ఆ పిల్ల చెప్పెను.

1638లో ముగించిన ఆ మహోన్నత సౌధము ఇరువది యేండ్లయినను నిలువలేదు. అరుగును మఱల కట్టిరి గాని, దానిపై సౌధమును కట్టలేదు. ఊరు బూడిదయై యున్న సమయమున అట్టి అలంకారమునకు ధనము వెచ్చింపరాదని హోషినా మసాయుకి యను పాలకుడు హితవు చెప్పెను. ఆ మాట చెల్లినది. ఆ తరువాత నేను ఎచ్చటికి పోయి ఏది పాతదని యడిగినను ఇంచుమించుగా అదే సమాధానము వచ్చుచుండెను. 1657లో కాలినది, 1872లో కాలినది, 1923లో కాలినది, 1945లో కాలినది. చరిత్ర యంతయు బూడిదయైన నగరములో చరిత్రను ఎచ్చట చూడవలెనో నాకు తోచలేదు.

ఆ సాయంకాలము మనుమరాలు ఆకలియని ఒక చిన్న అంగడియొద్ద ఆగినది. అంగడివాడు బియ్యపుపిండి ఉండలను వెదురుపుల్లకు గ్రుచ్చి నిప్పులపై కాల్చుచుండెను. వీనిని దాంగో అందురు. పిల్ల ఒక పుల్లను నా చేతిలో పెట్టి, "ఇది మాత్రం పాతదే తాతయ్యా. దీన్ని ఎప్పటికప్పుడు కాలుస్తారు" అనెను. ఆమె హాస్యమునకు అన్నదో, తెలుగు అంతగా రాక అన్నదో తెలియదు గాని, నాకు ఆ మాట మనసున నాటినది. కోట కాలిపోయినది. కాల్చుకొని తినునది మిగిలినది. నాటినుండి రెండు మాసములు నేను ఆ నగరమును అంగళ్లవెంట చదివితిని. శాకాహారిని గనుక చాల వానిని చూచితినే గాని రుచి చూడలేదు. ఆ లోపమును మీరు మన్నింపవలెను.

ఇక కథలోనికి పోవుదము. టోక్యో నగరమునకు 1868 వఱకు ఎదో యని పేరు. మన చెవికి అది 'ఏదో' అన్నట్లు వినబడును గాని, దానికి ఏఱు సముద్రమున కలియు ముఖద్వారమని అర్థము చెప్పుదురు. 1590లో తొకుగావా ఇయెయాసు అను ప్రభువు అచ్చటికి వచ్చునప్పటికి అది బురదనేలల నడుమ నున్న చిన్న కోట. 1603లో ఆయన షోగూన్ పదవిని పొందెను. షోగూన్ అనగా చక్రవర్తి పేర రాజ్యమును నడుపు సేనానాయకుడు. 1635లో ఆయన మనుమడు ఒక శాసనము చేసెను. దేశమందలి సామంతులెల్లరు ఒక యేడు తమ సీమలలోను, ఒక యేడు ఎదోలోను నివసింపవలెను. భార్యాపుత్రులను మాత్రము ఎదోలోనే ఎల్లప్పుడు ఉంచవలెను. తిరుగుబాటు జరుగకుండుటకు పన్నిన ఉపాయమది. దాని ఫలముగా సామంతునివెంట వందలకొలది భటులు, సేవకులు, కూలివారు ఎదోకు వచ్చి పడిరి. వీరిలో పెక్కుమంది తమ కుటుంబములను ఊళ్లలో విడిచి వచ్చినవారే. వీరికి ఇండ్లు కట్టుటకు వడ్రంగులును, తాపీవారును వచ్చిరి. వారును ఒంటరివారే.

1721లో పట్టణవాసులను లెక్కించిరి. యోధులను విడిచి, వర్తకులు, పనివారు మొదలగువారే సుమారు 5 లక్షలు. అందు మగవారు 3 లక్షల 20 వేలకు పైగా, ఆడువారు 1 లక్ష 80 వేలకు లోపు. యోధులతో కలిపిన ఆ నగరపు జనసంఖ్య 10 లక్షలుండునని పండితులు చెప్పుదురు. ఇందఱు మగవారు ఇఱుకు గదులలో కాపురముండి, ప్రొద్దుపోవు వఱకు పని చేసి వచ్చి, వంట ఎట్లు చేసుకొందురు? బయట తినవలసినదే. అంగడి తిండికి మొదటి కారణ మిది. రుచికంటె ముందు అవసరము పుట్టినది.

రెండవ కారణము అగ్ని. 1657లో చెలరేగిన మంట నగరములో సగమునకు పైగా కాల్చివేసెను. లక్షమంది మరణించిరని చెప్పుదురు. సుమిదా నదీతీరమునకు పాఱిపోయిన జనము, దాటుటకు వంతెన లేక, గట్టుమీదనే ప్రాణములు విడిచిరి. అంతకుముందు ఆ నదిపై వంతెనలు ఎక్కువగా కట్టనీయలేదు. కోటకు శత్రుభయమని వారి తలంపు. ఆ ప్రమాదము తరువాత అచ్చట ర్యోగోకు వంతెనను కట్టిరి. రెండు సీమలను కలుపునది గనుక దానికి 'రెండు రాజ్యముల వంతెన' యని పేరు. వంతెన మొదట, మఱి కొన్ని తావుల, ఇండ్లను తొలగించి మిక్కిలి వెడల్పైన వీథులను ఏర్పఱచిరి. ఒక ప్రక్క మండినను మంట రెండవ ప్రక్కకు దాటకుండవలెనని వారి యుద్దేశము.

అంత విశాలమైన స్థలము నగరము నడుబొడ్డున ఖాళీగా నుండునా? స్థిరమైన కట్టడములు కూడదు గాని, విప్పి మోసికొనిపోదగిన పందిళ్లు వేసికొనవచ్చును. కనుక అచ్చట టీ అంగళ్లు, గారడీవారు, తినుబండారముల బడ్డీలు చేరినవి. అధికారులు మంటలకు వెఱచి వీథిని ఖాళీగా నుంచిరి. ఆ ఖాళీలోనే పొయ్యిలు వెలిగినవి. అధికారులు దీనిని గమనింపకపోలేదు. 1686లో, నిప్పును మోసికొని తిరుగుచు రాత్రివేళ వంటకములమ్ము వారిని నిషేధించిరి. కాని ఆకలి ఆజ్ఞను వినదు. వారు మఱల వచ్చిరి.

కాగిన నూనెతో చేయు టెంపురాను చూడుడు. అది పిండిలో ముంచి వేయించినది. మన బజ్జీకి చుట్టమని చెప్పవచ్చును. ఈ విధమైన వేపుడు పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారివలన జపానునకు వచ్చినదందురు. ఎదోలో దీనిని సముద్రపు చేపలతో చేసి, పుల్లకు గ్రుచ్చి, బడ్డీలయొద్ద అమ్మిరి. కఱ్ఱయిండ్లలో నూనె కాచుట అపాయకరము గనుకనే అది వీథిలో పెరిగినది. నేడు గొప్ప భోజనశాలలలో తెల్లని కాగితముపై పెట్టి తెచ్చు టెంపురా, తొల్లి అగ్నిభయముచేత ఇంటినుండి వెలివేయబడిన కూలివాని తిండి యన్నమాట.

ఇక ధరల మాట. ఆ కాలపు చిల్లర నాణెమునకు మోన్ అని పేరు. 1768లో ప్రభుత్వము నాలుగు మోన్‌ల విలువగల నాణెమును వేసినది. దీని ప్రభావము తినుబండారములపై పడినది. టెంపురా పుల్ల 4, సూషి 4 లేక 8, సోబా యను సన్నని సేవికల గిన్నె 16. అన్నియు నాలుగుచేత భాగింపబడు సంఖ్యలే! దాంగోను గుఱించి ఒక కథ చెప్పుదురు. మొదట పుల్లకు ఐదు ఉండలుండెడివి. వెల ఐదు మోన్‌లు. క్రొత్త నాణెము వచ్చిన పిదప, సందడిలో కొందఱు ఒక నాణెమును విసరి ఐదుండల పుల్లను తీసికొనిపోవుచుండిరట. అంగడివాడు తగవులాడుట మాని, పుల్లకు నాలుగే ఉండలు గ్రుచ్చెను. టోక్యోలో నేటికిని నాలుగుండల పుల్లలే ఎక్కువగా కనబడును. ప్రభుత్వము పోయినది, ఆ నాణెము చెల్లుట మానినది, దాని లెక్క మాత్రము వెదురుపుల్లపై నిలిచియున్నది.

సోబాకు 'రెండు ఎనిమిదుల సోబా' యని పేరు. రెండెనిమిదులు పదునాఱు గనుక వెలను బట్టి ఆ పేరు వచ్చినదని కొందఱు, రెండు పాళ్లు గోధుమపిండి, ఎనిమిది పాళ్లు సోబాగింజల పిండి గనుక వచ్చినదని కొందఱు. మన వ్యాఖ్యాతలవలెనే వారును రెండు పక్షములవారు. ఈ పదునాఱుతో ముడిపడిన హాస్యకథ యొకటి జపాను కథకులు నేటికిని చెప్పుచుందురు. ఒక టక్కరి అర్ధరాత్రమున సోబా తిని, అంగడివాని చేతిలో ఒక్కొక్క మోన్ లెక్కపెట్టుచు, ఎనిమిది వఱకు వచ్చి, "ఇప్పుడు గంట ఎంత?" అని యడిగెను. ఆ కాలమున అర్ధరాత్రమును 'తొమ్మిది' యందురు. "తొమ్మిది" అని అంగడివాడనగానే, "పది, పదునొకండు" అని లెక్క సాగించి, ఒక మోన్ మిగుల్చుకొని పోయెను. దీనిని చూచిన ఒక మందబుద్ధి మఱునాడు ఆతురపడి కొంచెము ముందుగనే వచ్చెను. వారి గడియారపు లెక్క తొమ్మిదినుండి నాలుగు వఱకు తగ్గుచు వచ్చి మఱల తొమ్మిదితో మొదలగును. అర్ధరాత్రమునకు ముందరి గంట 'నాలుగు'. వాడు ఎనిమిది లెక్కపెట్టి గంట అడిగెను, "నాలుగు" అనిరి, "ఐదు, ఆఱు" అని మొదలిడి, మొత్తము 20 మోన్‌లు సమర్పించి పోయెను. కాలమును ఎట్లు కొలిచిరో, రాత్రి ఎంతవఱకు మేలుకొనిరో, ఏమి తినిరో, ఎంత ఇచ్చిరో, అన్నియు ఈ చిన్న కథలో ఉన్నవి. నా పాఠ్యపుస్తకములలో ఒక అధ్యాయమైనను ఇన్ని సంగతులు చెప్పియెఱుగదు.

సూషి మాటయు చెప్పవలెను. పూర్వము సూషి యనగా చేపను అన్నములో పొదిగి నెలలకొలది పులియబెట్టినది. ఎదోలోని పనివానికి నెలలు ఆగుటకు తీరిక లేదు. 1820 ప్రాంతములలో ర్యోగోకు దరిదాపున హనాయా యోహే యనునాతడు, పుల్లనీరు కలిపిన అన్నమును చేతితో ముద్దచేసి, దానిపై చేపముక్కను అదిమి అప్పటికప్పుడు ఇచ్చు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. 1804లో మొదలై, మద్యము తీయగా మిగిలిన పిప్పినుండి పుల్లనీటిని తయారుచేసి నకానో మతాజాయెమోన్ అను వర్తకుడు ఓడలలో ఎదోకు పంపుచుండెను. అది చౌక. వ్యర్థ పదార్థము, పనివాని తొందర, సముద్రపు చేప ఈ మూడును కలిసినచోట నేడు లోకమంతయు ఎఱిగిన వంటకము పుట్టినది. చేపల బజారు నిహోంబాషి వంతెనయొద్ద నుండెడిది. 1923 భూకంపములో అది దగ్ధము కాగా త్సుకిజికి మాఱినది. అచ్చటి బజారు 1935లో తెఱవబడి, 2018లో తొయోసునకు తరలినది.

నేను నిశ్చింతగా తిన్న వానిలో మొదటిది సకురా మోచి. 1716నుండి 1745 వఱకు ఏలిన యోషిమునె అను షోగూన్ సుమిదా నది గట్టుమీద సకురా చెట్లను నాటించెను. పూలు చూడవచ్చు జనుల అడుగులచేత గట్టు గట్టిపడునని ఆయన ఆలోచనయట. గట్టునకు చేరువనే చోమేజీ యను బౌద్ధాలయము కలదు. దాని ద్వారపాలకుడు యమమోతో షిన్‌రోకు ప్రతిదినము రాలిన ఆకులను ఊడ్చి ఊడ్చి, వీనిని ఏమి చేయుదునాయని విచారించి, ఉప్పులో ఊఱవేసి, 1717లో వానితో తీపి పూర్ణపు భక్ష్యమును చుట్టి అమ్మ మొదలిడెనట. పలుచని పిండిరేకు, లోపల ఎఱ్ఱకాయల పూర్ణము, పైన ఉప్పటి ఆకు. తీపియు ఉప్పును, వసంతపు వాసనయు ఒక్కసారి నోటికి తగులును. ఒక బొబ్బట్టును ఆకులో చుట్టి పెట్టినట్లున్నదని నేను అనగా మా కోడలు నవ్వినది.

దీనికి 1824 సంవత్సరపు లెక్క యొకటి దొరికినది. ఆ యేడు ఊఱవేసిన ఆకులు 31 పీపాలు. పీపాకు 25,000 ఆకులు. మొత్తము 7,75,000. ఒక్కొక్క భక్ష్యమునకు రెండాకులు గనుక భక్ష్యములు 3,87,500. రాజుల దండయాత్రలలో సైన్యసంఖ్యలను చెప్పితిని గాని, ఒక ద్వారపాలకుని అంగడినుండి ఒక యేట ఇన్ని లక్షల భక్ష్యములు జనుల చేతులలోనికి పోయెనని నేనేనాడును చెప్పియుండలేదు. ఊడ్చి పాఱవేయవలసిన చెత్తను ఆ మహానుభావుడు మూడు వందల యేండ్ల జీవనోపాధిగా చేసెను. అంగడి నేటికిని అచ్చటనే యున్నది.

రెండవది కాల్చిన చిలగడదుంప. తెలంగాణమున కందగడ్డ, మొరంగడ్డ యందురు. అమెరికా ఖండమున పుట్టిన ఈ దుంప చీనాదేశము, ర్యూక్యూ దీవుల మీదుగా జపానునకు వచ్చినది. 1732లో పడమటి జపానున ఘోరమైన కఱవు వచ్చినపుడు, ఈ దుంప పండించిన సీమలవారు బ్రదికిరి. ఆ సంగతిని గమనించినవాడు అఓకి కోన్యో యను పండితుడు. నావలె పుస్తకములు చదివి, పిల్లలకు చదువు చెప్పుకొనువాడు. ఆయన ఈ దుంపను గుఱించి గ్రంథము వ్రాసి, 1735లో ఎదోలోని కోయిషికావా ఔషధోద్యానమున నాటి పండించెను. జనులు ఆయనను 'దుంపల పంతులుగారు' అని పిలిచిరి. మెగురోలో ఆయన సమాధిరాతిపై ఆ పేరే చెక్కియున్నది. శ్రోతలారా! ఒక ఉపాధ్యాయునకు ఇంతకన్న మంచి బిరుదము కలదా? నేను ఆ రాతియెదుట కొంతసేపు చేతులు జోడించి నిలిచితిని.

ఎదోలో ప్రతి పేటకును రాత్రివేళ మూయు ద్వారము, దానికి కావలివాడు నుండెడివారు. అతని జీతము స్వల్పము. చలికాలమున అతడు తన గుడిసెలో దుంపలు కాల్చి అమ్ముకొనెడివాడు. దుంపల అంగడిపై '13 రీలు' అని వ్రాసెడివారు. రీ యనగా దూరపు కొలత. ఇందులో శ్లేష యున్నది. జపాను భాషలో కురి యనగా ఒకవిధమైన తీపి కాయ. 'కు', 'రి' అని విడదీసిన తొమ్మిది రీలని అర్థము. 'యోరి' యనగా 'కంటె' అని అర్థము. విడదీసిన నాలుగు రీలు. 'కురికంటె రుచి' యను మాటలో తొమ్మిదియు నాలుగును కలిసి పదుమూడు! అష్టావధానము చూచిన తెలుగువాడు ఆ అంగడియొద్ద ఆగకుండ పోగలడా? 1858 నాటి చిత్రములో హిరోషిగె అను ప్రసిద్ధ చిత్రకారుడు మంచు కురిసిన వీథిని చిత్రించి, అందు ఈ '13 రీల' పలకను కూడ వ్రాసినాడు. నేడు చిన్న లారీలో వేడిరాళ్లపై దుంపలు కాల్చి, పాటవంటి కేక వేయుచు అమ్ముచున్నారు. మాఘమాసపు చలిలో ఆ దుంపను రెండు చేతుల పట్టుకొని తినుట నాకు మఱపురాదు.

1868లో షోగూన్‌ల ప్రభుత్వము అంతరించెను. ఎదోకు టోక్యో యని పేరు వచ్చినది. యోధులకు కత్తితో పనిలేకపోయినది. అట్లు బ్రతుకుతెరువు పోయిన యోధులలో నొకడు కిమురా యసుబేయి. ఆయన 1869లో రొట్టెల అంగడి పెట్టెను. జపానువారికి రొట్టె కొత్త; రుచింపలేదు. 1874లో ఆయనయు ఆయన కుమారుడును బియ్యపు మద్యము కాచువారి పులియుపిండితో రొట్టెను పొంగించి, లోపల తమ దేశపు తీపి పూర్ణమును పెట్టిరి. అదియే అన్ పాన్. 1875 ఏప్రిలు 4వ తేదీన, సకురా పువ్వును ఉప్పులో ఊఱవేసి నడుమ అద్ది, చక్రవర్తికి సమర్పించిరి. ఆ సమర్పణ జరిగినచోటు ముకోజిమా. మన ద్వారపాలకుడు ఆకులు ఊడ్చిన పేటయే.

కిమురావారి అంగడి గింజా వీథిలో నుండెను. 1872 అగ్నిప్రమాదములో గింజా కాలిపోగా, ఇక కాలరాదని ప్రభుత్వము దానిని ఎఱ్ఱ ఇటుకలతో పాశ్చాత్య పద్ధతిని కట్టించెను. 1923 భూకంపములో ఆ ఇటుకలును పోయినవి. అన్ పాన్ మాత్రము నేటికిని గింజాలో అమ్ముచున్నారు. కత్తి పోయినది, కఱ్ఱ పోయినది, ఇటుక పోయినది, పూర్ణము నిలిచినది!

1923 సెప్టెంబరు 1వ తేదీ, పగలు 11 గంటల 58 నిమిషములు. ఇంటింటను మధ్యాహ్నపు వంటకు పొయ్యిలు మండుచున్నవి. భూమి కంపించినది. పొయ్యిలు తలక్రిందులైనవి. లక్షకు పైగా జనులు మరణించిరి. అందు ఎక్కువమంది మంటలలోనే. వంట చరిత్రను చెప్పువాడు దీనిని దాచరాదు. అన్నము పెట్టిన నిప్పే ఆనాడు నగరమును కాల్చినది.

ఆ దినములనాటి కథలో మన దేశమునకును చోటు కలదు. ఆంగ్ల ప్రభుత్వమునుండి తప్పించుకొని 1915లో జపాను చేరిన రాస్ బిహారీ బోసునకు షింజుకులోని నకమురాయా యను రొట్టెల అంగడి యజమానులైన సోమా దంపతులు ఆశ్రయ మిచ్చిరి. తమ కుమార్తె తోషికోను ఆయనకిచ్చి 1918లో వివాహము చేసిరి. ఆమె 1925లో మరణించెను. 1927లో ఆ అంగడియందు భారతదేశపు రీతి కూరను అన్నముతో పెట్టుట ఆరంభమైనది. మసాలా చూర్ణముతో ఆంగ్లేయుల పద్ధతిని వండినదే మన కూర యని నమ్మియున్న జపానువారికి అసలు రుచి చూపవలెనని బోసుగారి పట్టుదల. రాజ్యము లేని విప్లవకారుడు ఒక గిన్నెలో స్వదేశమును నిలుపుకొనెను. అది నేటికిని అచ్చట దొరకును.

1945 మార్చి 10వ తేదీ రాత్రి విమానములు నిప్పు కురిపించినవి. సుమిదా నదికి ఇరువైపుల నున్న బీదల పేటలు, అనగా నేను ఇంతసేపు చెప్పిన తిండ్లు పుట్టిన పేటలే, కాలినవి. ఒక్క రాత్రిలో సుమారు లక్షమంది మరణించిరి. యుద్ధము ముగిసిన తరువాత తిండి లేదు. శాసనసభా భవనము ముంగిటి నేలను కూడ దున్ని చిలగడదుంపలు వేసిరి. ఉయెనో రైలుకట్ట క్రింద దొంగబజారు వెలసినది. అందు దుంపలనుండి తీసిన తీపితో చేసిన మిఠాయి అమ్ముటచేత అమెయోకో, అనగా మిఠాయిల సందు, అను పేరు వచ్చినదని చెప్పుదురు. దుంపల పంతులుగారు రెండు వందల యేండ్ల తరువాత మఱల ఆ ఊరికి అన్నము పెట్టినాడు. 1949లో వీథి బడ్డీలను తొలగింపుడని ఆజ్ఞ వచ్చినది. 1951 ముగియునప్పటికి టోక్యో రాజమార్గములనుండి అవి చాలవఱకు లేచిపోయినవి. నేడు ఆలయముల తిరునాళ్లలో మాత్రము వరుసలు తీర్చి కనబడును. తక్కినవి గోడలచాటున చేరి అంగళ్లైనవి.

నేను తిరిగి వచ్చుటకు ముందు దినమున మనుమరాలు నన్ను త్సుకిషిమాకు తీసికొనిపోయెను. అది సముద్రమునుండి తవ్వి తీసిన ఇసుకతో పూడ్చి, 1892 నాటికి చేసిన దీవి. అచ్చట మోంజా యను పలుచని అట్టును బల్లపై నున్న ఇనుపపెనముమీద ఎవరికి వారే వేసికొందురు. దాని పూర్వనామము మోజి-యాకి యట. మోజి యనగా అక్షరము. కాగితము కఱవైన బీదపిల్లలు తీపి అంగడిలో పెనముపై పిండితో అక్షరములు వ్రాసి నేర్చుకొని, నేర్చిన పిదప తినివేయుచుండిరని చెప్పుదురు.

ఆ మాట విని నేను కొంతసేపు మాటాడలేకపోతిని. మనయిండ్లలో అక్షరాభ్యాసమునాడు పళ్లెములో బియ్యము పోసి, బిడ్డ వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించుట మీరెఱుగుదురు. మా మనుమరాలు అచ్చటనే పుట్టినది. దానికి అట్టి వేడుక జరుగలేదు. తెలుగు మాటాడునే గాని వ్రాయ నేర్వదు. నేను గరిటెతో వట్టి పిండిని తీసి, వణకు చేతితో పెనముపై 'అ' వ్రాసితిని. పిల్ల దానిప్రక్కనే మఱొకటి వ్రాసినది. వంకర పోయినది గాని అకారమే. రెండును ఎఱ్ఱగా కాలినవి. తాను వ్రాసినదానిని నాకిచ్చి, నేను వ్రాసినదానిని అది తినివేసెను. క్షయము లేనిది గనుక అక్షరమనిరి పెద్దలు. అది పిల్ల కడుపులోనికి పోయిన పిదప ఆ మాట నిజమని నాకు తోచినది. ఏలయన, ఇంటికి వచ్చి ఆ రాత్రి కాగితముపై చూడకుండ మఱల వ్రాసినది.

శ్రోతలారా! ఆనాడు నేను బల్లపై నిలువబెట్టిన పిల్లవాడు ఇప్పుడు ఏబదేండ్లు దాటినవాడై యుండును. ఎచ్చట నున్నాడో తెలియదు. ఈ ప్రసంగమును వినుచున్నచో వానికి నేను చెప్పదలచినది ఇంతియే. నాయనా! నీ ప్రశ్న మంచి ప్రశ్న. రాజులు ఏమి కట్టిరో చెప్పుట సులభము. అది కాలిపోయినను పుస్తకములలో నుండును. మనవంటివారు ఏమి తినిరో తెలియవలెనన్న, పొయ్యియొద్ద నిలిచినవారిని అడుగవలెను. మీ తండ్రిని నేను ఒక్కనాడైనను అడుగనైతిని. ఆ తప్పు నాది.